మిషను మీదున్న మనిషినీ అడగండి

మా ఊళ్ళో నేను చచ్చిపోయానని రెండుసార్లు చెప్పుకున్నారు. మొదటిసారి నన్ను ఊపిరి మిషను మీద పెట్టిన రోజున. రెండోసారి నా గొంతుకి చిల్లు పెట్టారని తెలిసిన రోజున. ఆ రెండోసారి మా పక్కింటి పెద్దమ్మ మైల స్నానం కూడా చేసేసిందట. ఇప్పుడు ఆవిడ నా మొహం చూడ్డానికి సిగ్గుపడుతోంది. నేను మాత్రం రోజూ పొద్దున్నే ఆవిడ గుమ్మం ముందు నుంచే నడుస్తాను, చేతికర్ర చప్పుడు చేసుకుంటూ.

నా పేరు నాగవేణి. నలభై రెండేళ్ళు. మాది ఉప్పలగుప్తం పక్కన ఊరు. మాకు రెండు రొయ్యల చెరువులున్నాయి. రొయ్యపిల్లల సీడు తేవడం, కరెంటు, నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు మా ఆయన సత్యం చూసుకుంటాడు. ట్రేలు చూడ్డం నా పని. చిన్న తెప్ప మీద చెరువులోకి వెళ్ళి, నీళ్ళలో వేలాడే ట్రే పైకి లాగి, వేసిన మేత తిన్నాయా లేదా, రొయ్య పేగు నిండిందా లేదా చూసి చెప్పాలి. పదిహేనేళ్ళుగా ఆ పని నాదే. కాళ్ళూ చేతులూ ఎప్పుడూ మొరాయించింది లేదు.

మే నెల మొదట్లో నాలుగు రోజులు విరోచనాలు పట్టుకున్నాయి. తగ్గిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. వారం తర్వాత అరికాళ్ళలో చీమలు పాకినట్టు తిమ్మిర్లు మొదలయ్యాయి. ఆ మర్నాడు తెప్ప ఎక్కబోతే మోకాలు మడతపడిపోయి నీళ్ళలో కూలబడ్డాను. మొల లోతు నీళ్ళే. కానీ లేవలేకపోయాను. సత్యం చూసి నవ్వాడు, కాలు జారిందనుకున్నాడు. నేను నవ్వకపోయేసరికి పరిగెత్తుకొచ్చాడు.

నీరసం అని ఊళ్ళోనే ఒక సీసా సెలైను పెట్టించారు. మూడో రోజుకి చేతిలో దువ్వెన నిలవలేదు. అమలాపురం తీసుకెళ్ళారు. అక్కడి పెద్ద వయసు డాక్టరుగారు చిన్న సుత్తితో నా మోకాళ్ళ మీద కొట్టి చూశారు. కాలు ఎగరలేదు. రెండోసారి కొట్టారు. ఆయన మొహం మారిపోయింది.

"బాబూ, ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపోండి. అన్నం తిని వెళ్దామని ఆగొద్దు. దారిలో ఊపిరి అందటం లేదంటే మధ్యలో ఎక్కడ ఆసుపత్రుంటే అక్కడే దిగిపోండి" అన్నారు.

ఆ మాట ఆయన అలా గట్టిగా చెప్పబట్టే నేను ఇవాళ ఇది రాస్తున్నాను.

*

పెద్దాసుపత్రిలో జబ్బు పేరు జీబీఎస్ అన్నారు. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన బలగమే పొరపాటున మన నరాల మీద పడిపోతుందట. కాళ్ళతో మొదలై పైకి ఎక్కుతుందట. ఎంతవరకు ఎక్కుతుందో, ఎక్కడ ఆగుతుందో ముందుగా చెప్పలేమన్నారు.

అక్కడే మొదటిసారి డాక్టరు మేడమ్ గారిని చూశాను. పొట్టి మనిషి. తలకి ఆకుపచ్చ టోపీ, మెడలో స్టెతస్కోపు. నా మంచం అంచున చెయ్యి ఆనించి, "ఒక్క ఊపిరి తీసుకుని, ఎంతవరకు అంకెలు చెప్పగలవో చెప్పమ్మా" అన్నారు. పందొమ్మిది దాకా వెళ్ళాను. సాయంత్రానికి పదకొండు. మర్నాడు పొద్దున్న ఆరు దగ్గర ఆగిపోయాను. మాట ముక్కుతో వస్తోంది. ఉమ్మి మింగలేకపోతున్నాను.

"ఐసీయూలోకి మార్చేస్తాం. నేను మత్తు డాక్టర్ని" అన్నారావిడ.

సత్యం తెల్లబోయాడు. "ఆపరేషను లేదన్నారు కదండీ? మరి మత్తు డాక్టరుగారెందుకండీ?"

"అందరూ అలాగే అడుగుతారండీ. మత్తివ్వడం అంటే సూది పొడిచి పోవడం కాదు. మనిషి పడుకున్నంతసేపూ వాళ్ళ ఊపిరి మా చేతిలో ఉంటుంది. ఇక్కడ ఐసీయూలో మా పని అదే. మీ ఆవిడ ఊపిరి కొన్నాళ్ళు మేం చూసుకుంటాం."

తర్వాత నా వైపు తిరిగారు. నాతోనే చెప్పారు, సత్యంతో కాదు. "గొంతులో గొట్టం వేస్తాను. నిద్రమందు ఇస్తాను, నొప్పి తెలీదు. లేచాక మాట రాదు. అది గొట్టం వల్ల. మాట పోయిందనుకుని కంగారుపడకు. సరేనా?"

"మీరుంటారా అండీ?" అన్నాను. నా మొదటి గొంతుతో నేను అన్న చివరి మాట అదే.

"నువ్వు కళ్ళు తెరిచేసరికి నేనే కనపడతాను."

కళ్ళు తెరిచేసరికి ఆవిడే కనపడ్డారు. అప్పుడు నేను ఏడ్చాను. బుగ్గల మీద నీళ్ళు తెలిశాయి గానీ తుడుచుకోడానికి చెయ్యి లేవలేదు.

*

ఆ తర్వాతి రోజుల గురించి జనం నన్ను ఎక్కువగా అడుగుతారు. "స్పృహ లేదు కదా, ఏం తెలుస్తుందిలే" అంటారు. తెలుస్తుంది. మొదటి రెండు రోజులు మందుల మత్తులో ఉన్నాను, ఆ తర్వాత అంతా తెలుసు. ఈగ వాలితే తెలుసు. వీపు కింద దుప్పటి మడత తెలుసు. మెడ కింద నుంచి ఒక్క వేలు కదలదు, అంతే. మొహం కూడా బిగుసుకుపోయింది. కళ్ళు మాత్రం కష్టం మీద మూయగలను, తెరవగలను.

మేడమ్ గారు నాకో పద్ధతి నేర్పారు. ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. కానీ ఆ పద్ధతితో నన్నేమైనా అడిగింది ఇద్దరే. ఒకరు మేడమ్ గారు, రెండోవారు స్టాఫ్ నర్సు సువార్త సిస్టరు. మిగతావాళ్ళు చాలామంది నా మీదుగా మాట్లాడుకునేవారు, పిట్టగోడకి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకున్నట్టు. పాపం, వాళ్ళకి పనెక్కువ, మంచాలెక్కువ. నాకు కోపం వచ్చేది. ఆ కోపమే నాకు మంచి చేసిందని ఇప్పుడనిపిస్తుంది. భయం మనిషిని కిందికి లాగుతుంది. కోపం కాస్త కూర్చోబెడుతుంది.

సువార్త సిస్టరు పొద్దున డ్యూటీకి రాగానే నా కళ్ళు తడిగుడ్డతో తుడిచి, చుక్కలమందు వేసేది. "ఈవేళ బుధవారం నాగవేణమ్మా. బైట ఎండ పేలిపోతుంది. మీ ఆయన ఇడ్లీ తిన్నాడంట, నేను అడిగేను" అని చెప్పేది. ఆ నాలుగు ముక్కల కోసం నేను తెల్లారినప్పటి నుంచి ఎదురుచూసేదాన్ని.

ఒకరోజు నన్ను పక్కకి తిప్పుతుంటే మిషను నుంచి గొట్టం ఊడింది. గాలి ఆగిపోయింది. అరవలేను, చెయ్యి ఊపలేను. మిషను గట్టిగా మోగింది. సిస్టరు వెంటనే గొట్టం తగిలించేసింది. గడియారంలో అది ఎంతసేపో నాకు తెలీదు, నా లెక్కలో మాత్రం ఒక పంట కాలం. ఆ తర్వాత ఎవరు నన్ను తిప్పడానికి వచ్చినా గుండె దడదడలాడేది. మేడమ్ గారు అది కనిపెట్టి, మిషను దగ్గరికి వెళ్ళి కావాలని ఆ మోత మోగించారు.

"విన్నావా? నీ నోరు ఇది. నువ్వు పిలవలేనప్పుడు ఇది పిలుస్తుంది. పిలిస్తే మేం వస్తాం. మొన్న వచ్చామా లేదా?"

ఒకసారి కళ్ళు మూశాను. వచ్చారు.

*

బయట వసారాలో సత్యం పడ్డ పాట్లు నేను తర్వాత విన్నవే. ఐసీయూ తలుపు దగ్గర ఒక చాప, ఒక స్టీలు క్యారేజి, ఒక నీళ్ళ సీసా. తలుపు తెరుచుకుని "నాగవేణి తాలూకు ఎవరండీ?" అని పిలిస్తే ప్రాణం గొంతులోకి వచ్చేదట. మందుల చీటీకి పిలిచినా అంతే, సంతకానికి పిలిచినా అంతే. మా అమ్మాయి లహరి ఇంటర్ చదువుతోంది. దాన్ని ఊళ్ళోనే ఉంచి, చెరువుల బాధ్యత మేస్త్రీకి అప్పజెప్పి, తనొక్కడే ఆ చాప మీద ఉన్నాడు.

పక్క చాప రాజోలు నుంచి వచ్చిన ఒక పెద్దావిడది. ఆవిడ కొడుక్కి మోటారుసైకిలు ప్రమాదంలో తలకి దెబ్బ తగిలింది. నా పక్క మంచం అతనిదే. ఆవిడ తన దగ్గరున్న పచ్చడి సత్యానికి వేసి, "తినండి బాబూ, మనం పడిపోతే వాళ్ళనెవరు చూస్తారు" అనేదట.

పదో రోజు మధ్యాహ్నం ఆ అబ్బాయి పోయాడు. తెర అవతల ఆవిడ కేక నేను విన్నాను. ఏడవొద్దని ఎవరో ఆవిడకి చెబుతుంటే, ఏడవనివ్వండి అని నాకు చెప్పాలనిపించింది. ఆ రోజు మిషను మోత వింటూ నేనూ లోపల చాలా దూరం జారిపోయాను. అది దాచను.

బయట సత్యం కూడా జారిపోయాడు. ఆ రోజే వాళ్ళన్నయ్యకి ఫోన్ చేశాడు.

*

పదకొండో రోజు పొద్దున మా బావగారు వచ్చారు. సత్యానికి తండ్రి తర్వాత తండ్రి ఆయన. మా ఇంట్లో ఏ పనైనా ఆయన ఆయ్ అని ఒప్పుకుంటేనే జరుగుతుంది. ఆయన ఎదుట నేను ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడిందాన్ని కాదు.

అప్పటికి నోట్లోంచి గొట్టం వేసి చాలా రోజులైంది. ఇంక గొంతు దగ్గర చిన్న చిల్లు పెట్టి అందులోంచి వెయ్యాలి, సంతకం కావాలి అని మేడమ్ గారు చెప్పారు. అన్నదమ్ములిద్దరినీ లోపలికి రానిచ్చారు. వాళ్ళు నా కాళ్ళ దగ్గర నిలబడ్డారు.

"ఒరే సత్యం, గొంతు కోత్తారంట్రా. ఇంకెందుకురా దాన్ని హింస పెట్టడం? మనిషి అయిపోయింది. ఇంటికి తీసుకెళ్ళిపోదాం. పోయేదేదో మన గుమ్మంలో పోతే పద్ధతిగా ఉంటాది" అన్నారు బావగారు.

సత్యం మాట్లాడలేదు. ఆ మౌనం విని నాకు వేసిన భయం, గొట్టం ఊడినప్పుడు కూడా వేయలేదు. ఎందుకంటే అతని మౌనం నాకు తెలుసు. సరే అనే ముందు అతను అలాగే ఉంటాడు.

"డాక్టరమ్మగారూ, మేం తీసుకెళ్ళిపోతామండీ. కాయితం ఏదుంటే దాని మీద సంతకం పెట్టేత్తామండీ" అన్నారు బావగారు.

మేడమ్ గారు గొంతు పెంచలేదు. "ఈ జబ్బులో చాలామంది కోలుకుంటారండీ. టైము పడుతుంది, ఆపదలూ ఉన్నాయి, నేను మాటివ్వలేను. కానీ ఆవిడకి స్పృహ ఉంది. నిర్ణయం మీరిద్దరూ తీసుకునే ముందు ఆవిడ్ని అడుగుదాం."

"ఆవిడేం చెప్తాదండీ, ఆ స్థితిలో!"

మేడమ్ గారు నా మొహం మీదికి వంగారు. "నాగవేణీ, అన్నీ విన్నావు కదా. ఇంటికి వెళ్ళిపోతానంటే ఒకసారి కళ్ళు ముయ్యి. ఇక్కడే ఉండి చూస్తానంటే రెండుసార్లు."

మూశాను. తెరిచాను. మళ్ళీ మూశాను. తెరిచాను.

"అది మామూలుగా కొట్టుకుంటున్న రెప్పలండీ" అన్నారు బావగారు.

"అయితే తిప్పి అడుగుతాను. ఇప్పుడు ఉంటానంటే ఒక్కసారే. వెళ్తానంటే రెండుసార్లు."

ఒక్కసారి మూశాను. తెరిచి, ఇంక రెప్ప వాల్చలేదు. పొరపాటున రెప్ప పడితే అది రెండోసారి కింద లెక్కేస్తారని భయం. కళ్ళు మండిపోయాయి, నీళ్ళు కారిపోయాయి. అయినా వాల్చలేదు. బావగారి వైపే చూశాను. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆయన కళ్ళలోకి సూటిగా చూడ్డం అదే మొదలు.

"వేణీ, చాలు. ఇంక ముయ్యి. నాకర్థమైంది. ముయ్యవే" అన్నాడు సత్యం. ఏడుస్తూ సంతకం పెట్టాడు. బావగారు బయటికి వెళ్ళి, మధ్యాహ్నం బస్సుకే ఊరెళ్ళిపోయారు.

థియేటరులో మేడమ్ గారు నా గడ్డం కింద చెయ్యి పెట్టి, "మత్తు ఎక్కుతుంది. నేను కదలను" అన్నారు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. అంతకు మించి నాకేమీ గుర్తులేదు. గుర్తు లేకుండా ఉంచడమే ఆవిడ పనితనం.

*

నోట్లో గొట్టం పోయాక మొహం కాస్త తేలికైంది. లహరిని రప్పించారు. వస్తే భయపడుతుందని సత్యం దాన్ని అన్నాళ్ళూ దూరంగా ఉంచాడు. అది వచ్చి, నన్ను చూసి, ఒక్క క్షణం గోడ వైపు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగి, "అమ్మా, నేను అక్షరాలు చదువుతాను. నీకు కావాల్సింది వచ్చినప్పుడు కన్ను ముయ్యి" అంది. అ నుంచి మొదలుపెట్టింది. అచ్చులు, హల్లులు, తర్వాత ఆ అక్షరానికి గుణింతం. ఒక్క మాటకి ఎంతో సేపు పట్టింది. చివరికి కాగితం మీద రాసినది సత్యానికి చూపించింది.

"గడ్డం గీసుకో."

సత్యం పకపకా నవ్వాడు. ఐసీయూలో అంత గట్టిగా నవ్వొద్దని సువార్త సిస్టరు కేకలేసింది, తనూ నవ్వుతూనే. మర్నాడు నున్నగా గీసుకుని వచ్చాడు.

పద్దెనిమిదో రోజున కుడి భుజం ఒక్క పిసరు కదిలింది. అప్పటి నుంచి రోజూ కాసేపు మిషను తీసి, సొంత ఊపిరి తీయించేవారు. మొదటి రోజు అయిదు నిమిషాలు. చెరువు ఈదినంత పని. తర్వాత పది. నాకు పంతం పట్టుకుంది. పావుగంట చాలన్న రోజున అరగంట దాకా సైగ చెయ్యకుండా ఓర్చుకున్నాను. చెమటలు పట్టేసి, పెదాలు నల్లబడ్డాయి. మేడమ్ గారు వచ్చి మిషను తగిలించి, బాగా కోప్పడ్డారు.

"పంతం మంచిదే. దాన్ని ఫిజియోథెరపీలో చూపించు. ఊపిరితో పంతం ఆడకు. అలిసిపోయిన మర్నాడు రెండడుగులు వెనక్కి పడతావు."

నిజంగానే రెండు రోజులు వెనక్కి పోయాను. పంతం ఒక్కటే చాలదు. ఓపిక అనే కష్టమైన పని కూడా చెయ్యాలి.

ముప్పై నాలుగో రోజున మిషను పూర్తిగా పక్కకి జరిపారు. తర్వాత కొన్నాళ్ళకి గొంతు దగ్గరి చిల్లు వేలితో మూసి, "ఇప్పుడు మాట్లాడు" అన్నారు మేడమ్ గారు. అన్నాళ్ళూ మొదట ఏం మాట్లాడాలా అని ఎన్నో పెద్ద పెద్ద మాటలు పేర్చుకున్నాను. తీరా వచ్చింది "నీళ్ళు" అన్న ముక్క. బొంగురుగా, రంపం కోసినట్టు. ఆ గొంతు ఎవరిదా అని నేనే అటూ ఇటూ చూశాను.

*

ఇంటికి వచ్చేసరికి రెండు నెలలు దాటింది. వీల్ చైరులో వచ్చాను. వాకరుతో లేచాను. ఇప్పుడు చేతికర్ర. ఎడమ పాదం ఇంకా ఈడుస్తుంది, వేళ్ళ చివర్లు మొద్దుబారే ఉన్నాయి, అన్నం ముద్ద వేడి తెలీదు. ఎప్పటికి పూర్తిగా తగ్గుతుందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగడం మానేశాను.

"ఐసీయూలోకి వెళ్ళినవాళ్ళు తిరిగి రారు" అని మా వైపు ఒక మాట ఉంది. అది అబద్ధం అని నేను అనను. రాజోలు పెద్దావిడ ఎదుట నిలబడి అది అబద్ధమని ఎవరనగలరు? కానీ అది పూర్తి నిజం కాదు. నేను వచ్చాను. మీవాళ్ళెవరైనా అలా పడుకుని ఉంటే, చెవి దగ్గరికి వెళ్ళి ఈవేళ ఏ వారమో చెప్పండి. ఇంట్లో ఏం కూర వండారో చెప్పండి. వాళ్ళ మంచం దగ్గర వాళ్ళ చావు గురించి మాట్లాడుకోకండి. వాళ్ళ గురించి నిర్ణయం తీసుకోవాల్సి వస్తే, కన్ను కదిలినా వేలు కదిలినా ముందు వాళ్ళనే అడగండి.

బావగారు నేనొచ్చిన నెల దాకా మా గడప తొక్కలేదు. ఒకరోజు పొద్దున గెల అరటిపళ్ళు పట్టుకుని వచ్చారు. అరుగు మీద కూర్చున్నారు. లహరి పక్కనే చదువుకుంటోంది. నేను కుర్చీలో ఉన్నాను, అప్పటికింకా వాకరుతోనే నడుస్తున్నాను. చాలాసేపు ఆయన తువ్వాలు మడత పెడుతూ, విప్పుతూ ఉన్నారు.

"ఆ రోజు నేనన్నవన్నీ నీకు తెలుసంట" అన్నారు.

"విన్నాను బావగారూ. మనిషి అయిపోయింది అన్నారు."

తల దించుకున్నారు. "నీ పెళ్ళికి ముందు మాటమ్మా. మా నాన్నని ఇలాగే మిషను మీద పెట్టేరు. ఎనిమిది రోజులు తలుపు బయటే కూర్చున్నాను. ఒక్కసారి కూడా లోపలికెళ్ళడానికి ధైర్యం చాల్లేదు. చివరికి గుడ్డలో చుట్టి ఇచ్చేరు. సత్యానికి ఆ గతి పట్టకూడదనుకున్నాను."

ఆయన లోపలికి వెళ్ళలేకపోయిన సంగతి సత్యానికి కూడా తెలీదు. ఆయన మీద నాకున్న కోపం అంతా పోయిందని చెబితే అది అబద్ధం అవుతుంది. కొంత పోయింది.

"మీ భయం నాకర్థమైంది బావగారూ. కానీ ఊపిరి నాది. నన్నడగాల్సింది."

"ఆయ్. అడగాల్సింది."

"అయితే ఇప్పుడడగండి."

"ఏం అడగమంటావమ్మా?"

"ఆ రోజు అడగాల్సిందే."

ఆయన నా వైపు చూశారు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఉంటావా అమ్మా, నాగవేణీ?"

"ఉంటాను బావగారూ. కాఫీ తాగుతారా?"

లహరి లేవబోయింది. కూర్చోమన్నాను. వాకరు దగ్గరికి లాక్కుని, నేనే లేచి వంటింట్లోకి నడిచాను.